సిగ్నల్ స్తంభానికి అర టిక్కెట్టు

ఆరడుగుల నాలుగంగుళాల మనిషిని ఇచ్చి అయిదడుగుల నాలుగంగుళాల మనిషిని తెచ్చుకున్న ఘనత ఆ ఏడాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి దక్కింది. మధ్యలో ఒక అడుగు ఏమైపోయిందని కాలనీ అంతా కలిసి తిరుమలరావుని నిలదీసింది.

నిలదీయడంలో న్యాయం లేకపోలేదు. ఆ అడుగు పోయింది ఆయన బల్ల మీదనే. పర్సనల్ బ్రాంచిలో ట్రాన్స్‌ఫర్ల సెక్షన్‌కి ఆయన హెడ్ క్లర్కు. రైల్వేలో మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ అని ఒక సదుపాయం ఉంది. ఇక్కడి గుమాస్తాకి అక్కడికి వెళ్ళాలని, అక్కడి గుమాస్తాకి ఇక్కడికి రావాలని ఉంటే, ఇద్దరిదీ ఒకే గ్రేడైతే, చెరో కాగితం మీద సంతకం పెట్టి కుర్చీలు మార్చుకోవచ్చు. గూడ్స్ ఆఫీసు క్లర్కు రామ్‌ప్రసాద్, తనతో ఉంటున్న వాళ్ళమ్మ కోరిక మీద వాల్తేరు వెళ్తానన్నాడు. వాల్తేరు గూడ్స్ ఆఫీసు క్లర్కు సూర్యం అత్తవారు బిలాస్‌పూర్‌లో ఉన్నారు కాబట్టి ఇటు వస్తానన్నాడు. గ్రేడు సరిపోయింది. తిరుమలరావు ఫైలు పెట్టాడు. ఆ ఫారంలో తండ్రి పేరుకి కాలమ్ ఉంది, పుట్టుమచ్చలకి కాలమ్ ఉంది. ఎత్తుకి లేదు.

రామ్‌ప్రసాద్ మా డివిజన్ బాస్కెట్‌బాల్ జట్టుకి సెంటర్ ఆటగాడు. చిన్న గెంతు గెంతితే రింగు చేతికి తగిలేది. కాలనీలో అతన్ని సిగ్నల్ స్తంభం అనేవారు. బదులుగా వచ్చేవాడు కూడా వాల్తేరు జట్టులో ఆడినవాడే అని తెలిసి, జూన్‌లో ఒక సాయంత్రం అభిమానులు దండ పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళారు. రైలాగింది. ఒక ట్రంకు పెట్టె దిగింది. దాని వెనకాల మనిషి కూడా ఉన్నాడని గ్రహించడానికి వాళ్ళకి కొంత సమయం పట్టింది. ఆ దండ మెడలో వేస్తే మోకాళ్ళ దాకా వచ్చింది. ప్లాట్‌ఫారం దాటేలోపే సూర్యానికి అర టిక్కెట్టు అని పేరు పెట్టేశారు.

స్టేషన్ నుంచి వాళ్ళు ఇళ్ళకు పోలేదు. ఏడుగురూ తిన్నగా తిరుమలరావు వరండాలోకి వచ్చి పడ్డారు. అందరికంటే ముందు ఉన్నవాడు పక్క క్వార్టర్ జానకిరామ్. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని. అక్కడ రోజంతా ఇతరులు మాట్లాడుకోవడం వినీ వినీ, సాయంత్రానికి తన వంతు కోసం ఆవురావురుమంటూ ఉంటాడు.

"ఏటి బాబాయ్, ఇలా చేసీసినారు? సంతకం పెట్టేముందు ఒకసారి కొలిచి చూసుకోవద్దా?"

"రూల్లో లేదయ్యా."

"రూలెవడిక్కావాలి. ఆటలాడుకునే రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో బల్బు పోతే రామ్‌ప్రసాద్ స్టూలెక్కకుండా మార్చీసేవాడు. ఇప్పుడెవరు మారుస్తారు?"

దానికి జవాబు అప్పలస్వామి చెప్పాడు. ఆయన రిటైరైన డ్రైవరు, కుదుదండ్‌లో ఇల్లు కట్టుకున్నా సాయంత్రమయ్యేసరికి సైకిలేసుకుని కాలనీకి వచ్చేస్తాడు. ముప్పయ్యేళ్ళకు పైగా ఇంజను చప్పుడు మీద మాట్లాడినవాడు కాబట్టి, ఆయన గుసగుస కూడా రెండు వీధులకు వినిపిస్తుంది.

"బల్బు మార్చడానికి సెంటర్ ఆటగాడెందుకు బాబూ, నిచ్చెన కొనుక్కో. మూడేళ్ళు ఆడినాడు కదా మీ స్తంభం. ఒక్క కప్పు తెచ్చినాడేటి?"

అంతే, వచ్చిన గుంపు రెండు ముక్కలయింది. నష్టపోయామని జానకిరామ్ వర్గం, లాభపడ్డామని అప్పలస్వామి వర్గం. సూర్యం ఇంకా బంతి ముట్టుకోనేలేదు. ఎనిమిది దాకా అరుచుకుని, తిరుమలరావుని ఇద్దరూ చెరో నాలుగు మాటలూ అని, వెళ్ళిపోయారు.

తిట్లు తిన్న తిరుమలరావుకి ఆ రాత్రి చాలా నెలల తర్వాత హాయిగా నిద్రపట్టింది.

ఇది వింతగా కనిపించవచ్చు. కానీ ఆయన భార్య మంగాయమ్మతో ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి. వాళ్ళకి పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరే కావడంతో, ఉన్న మాటలన్నీ ఒకరి మీద ఒకరు ఖర్చు పెట్టుకునేవారు. ఎండగా ఉందని ఆయనంటే నిన్నటి కంటే నయమని ఆవిడనేది. పులుసు బాగుందంటే, అంటే రోజూ బాగోదనా అనేది. ఒకసారి ఆయన విసుగెత్తి ఆవిడ చెప్పిన ప్రతిదానికీ సరేనన్నాడు. మధ్యాహ్నానికల్లా ఆవిడ నుదురు ముట్టుకుని చూసి, జ్వరమేమోనని డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది.

ఆవిడ పోయి రెండేళ్ళు. ఆవిడ పోయాక ఊళ్ళో అందరూ ఆయనతో ఏకీభవించడం మొదలుపెట్టారు. పాపం, ఒంటరివాడు, బాధపెట్టకూడదు అనే మర్యాద. ఆఫీసులో ఒకరోజు పరీక్ష కోసం "ఇవాళ మంగళవారం కదూ" అన్నాడు. అది బుధవారం. నలుగురు గుమాస్తాలూ తలెత్తి, "అవునండీ, మంగళవారమే" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి తాళం తీస్తుంటే, ఇంత పెద్ద డివిజన్‌లో తనని కాదనే దిక్కు ఒక్కటీ లేదని ఆయనకి తెలిసివచ్చింది.

ఒక్కడి కోసం పులుసు పెడితే మూడు రోజులు వస్తుంది. నాలుగో రోజు ఆ పులుసే మనిషిని చూసి జాలిపడుతుంది. ఆరింటికి ప్రతి ఇంట్లోనూ టీవీ మోగేది. తిరుమలరావు వరండాలో కూర్చుని, షంటింగ్ ఇంజను ఎన్నిసార్లు ముందుకి వెళ్ళిందో ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో గమనిస్తూ ఉండేవాడు. రెండూ సమానమైతే లోపలికి వెళ్ళి పడుకునేవాడు.

కాబట్టి, ఏడుగురు వచ్చి "నీకు బుద్ధుందా" అన్న ధోరణిలో మాట్లాడేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తిరుమలరావుకి ఒక ఉపాయం తట్టింది.

ఆయన జట్టుకి స్కోరరు కూడా. పదకొండేళ్ళ మ్యాచులు ఆయన చేతిరాతతో నాలుగు పుస్తకాల్లో ఉన్నాయి. పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్ళి, పళ్ళు తోముకుంటున్న జానకిరామ్‌తో ఏమీ ఎరగనట్టు అన్నాడు, పోయినేడు నాగపూర్ మ్యాచ్‌లో రామ్‌ప్రసాద్ ఒక్కడే ఇరవై ఆరు పాయింట్లు వేశాడని. జానకిరామ్ నోట్లో నురుగుతోనే ఎగిరి గంతేశాడు. మధ్యాహ్నం భోజనాల వేళ అప్పలస్వామికి కబురంపాడు, అదే మ్యాచ్‌లో రామ్‌ప్రసాద్ తొమ్మిది ఫ్రీ త్రోలు పోగొట్టాడని. రెండూ నిజమే. తిరుమలరావు జన్మలో స్కోరు తప్పు వేయలేదు. ఎవరికి ఏ సగం చెప్పాలో మాత్రం ఎంచుకున్నాడు.

సాయంత్రం ఆరింటికల్లా వరండా నిండిపోయింది.

ఆ తర్వాత ఆయనకది డ్యూటీ అయింది. ఏ వర్గం నీరసపడితే ఆ వర్గానికి పొద్దున్నే ఒక అంకె చేరవేయడం. బుధవారీ బజారుకి వెళ్ళి కొత్త కప్పులు ఆరు, ఒక చెక్క బల్ల కొన్నాడు. టీ ఆయనే పెట్టేవాడు. ఆ టీ బాగులేదని అందరూ మొహం మీదే చెప్పేవారు. అలా చెప్పినందుకు వాళ్ళకి ఇంకో కప్పు పోసేవాడు.

మరోపక్క సూర్యం ఆడటం మొదలుపెట్టాడు. అతనికి వచ్చిన హిందీ ఒక్కటే మాట, అచ్ఛా. ఫౌలిచ్చినా అచ్ఛా, పాస్ కావాలన్నా అచ్ఛా, అవతలివాడి చేతిలోంచి బంతి లాగేసుకున్నా అచ్ఛా. పొడుగువాళ్ళ మోచేతుల కింద నుంచి దూరి వెళ్ళి, రింగు కింద ఖాళీగా ఉన్నవాడి చేతిలో బంతి పెట్టేవాడు. మూడేళ్ళుగా బంతి ముఖం చూడని మిగతా నలుగురూ, తమక్కూడా బాస్కెట్లు వేయడం వచ్చని ఆ వర్షాకాలంలో కనిపెట్టారు.

జానకిరామ్ ఇంట్లో కూడా ఇదే గోల. నడుమ ఒక్క గోడే కాబట్టి తిరుమలరావుకి అన్నీ వినిపించేవి.

"రామ్‌ప్రసాదే ఉండుంటేనా, ఇవాళ ఇంకో ఇరవై పాయింట్లు," అని జానకిరామ్ మొదలుపెట్టేవాడు.

"రామ్‌ప్రసాదే ఉండుంటే మనింటి బూజు దులిపీసేవాడు," అనేది మీనాక్షి. "మీరుండీ దులపలేదు."

"ఆట గురించి నీకేటి తెలుసే?"

"మీరు ఆడరని తెలుసు."

"చూసేవాడిక్కూడా తెలివుండాలి."

"ఉన్నప్పుడు చెప్పండి, నేనూ వచ్చి చూస్తాను."

గోడకి ఇవతల తిరుమలరావు చేతిలో కంచం పట్టుకుని ఆగిపోయేవాడు. ఒక్కోసారి మీనాక్షి జవాబు కంటే ముందే ఆయన పెదాల మీదకి ఇంకో జవాబు వచ్చేది. అది మంగాయమ్మ గొంతుతో వచ్చేది. కంచంలో అన్నం చల్లారిపోయేది.

సెప్టెంబరులో కొంప మునిగింది. డివిజన్ల మధ్య టోర్నమెంట్‌లో మా జట్టు కప్పు గెలిచింది. పదకొండేళ్ళలో మొదటిసారి. ఫైనల్లో ఆఖరి నిమిషంలో బంతి లాగి, పరిగెత్తి, పాసిచ్చింది సూర్యమే. కాలనీ జనం అతన్ని భుజాల మీద ఎక్కించుకున్నారు. బరువు లేకపోవడంతో ఇన్‌స్టిట్యూట్ దాకా దించడం మర్చిపోయారు. స్కోరు పుస్తకంలో ఆఖరి గీత గీస్తూ తిరుమలరావు ఒక్కడే దిగులుగా ఉన్నాడు. ఇక వాదించడానికేముంది?

ఆ భయమే నిజమైంది. మర్నాడు సాయంత్రం కప్పులు బోర్లించి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. రెండో రోజు నీళ్ళు కాచి, కప్పులు లేపి, వీధిలో అటు చూసి ఇటు చూసి, మళ్ళీ బోర్లించాడు. షంటింగ్ ఇంజను పన్నెండుసార్లు ముందుకి వెళ్ళింది. పన్నెండుసార్లు వెనక్కి వచ్చింది.

జూన్‌కి ముందటి ఒంటరి సాయంత్రాలు మళ్ళీ రాబోతున్నాయని ఆయనకి అర్థమైంది. ఒకసారి ఎలాగో భరించాడు. రెండోసారి ఓపిక లేదు. మూడో రోజు పొద్దున్న, జన్మలో తప్పుడు అంకె వేయని మనిషి, గోడ దగ్గరికి వెళ్ళి జానకిరామ్‌తో అబద్ధం చెప్పాడు. వాల్తేరు నుంచి ఉత్తరం వచ్చిందనీ, రామ్‌ప్రసాద్ అక్కడ విజృంభించి ఆడుతున్నాడనీ.

జానకిరామ్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కాసేపు ఆయన వంక చూశాడు. "అచ్ఛా," అన్నాడు. "సాయంత్రం చదువుదురుగాని లెండి."

సాయంత్రం జానకిరామ్, అప్పలస్వామి, సూర్యం వచ్చారు. తిరుమలరావు ఒక ఇన్‌ల్యాండ్ కవరు తీసి, ఎవరికీ కనబడనంత దగ్గరగా కళ్ళ ముందు పెట్టుకుని చదివాడు. "పోయిన ఆదివారం మ్యాచ్‌లో నలభై రెండు పాయింట్లు వేశాను. ఇక్కడివాళ్ళు నన్ను నెత్తిన పెట్టుకుంటున్నారు." నిజానికి ఆ ఉత్తరం మంగాయమ్మ అక్క చిన్నతల్లి విజయనగరం నుంచి ఎప్పుడో రాసింది. అందులో ఉన్నదల్లా కొత్త చింతపండు సంగతి, ఆవిడ కీళ్ళ నొప్పుల సంగతి.

"చూసినారా, నే చెప్పలేదా," అని జానకిరామ్ తొడ చరిచాడు.

"వాల్తేర్లో ఎవుడైనా ఏస్తాడు నలభై రెండు. అక్కడ అడ్డుకునేవోడు లేడు," అని అప్పలస్వామి కాలనీ అంతటికీ తెలియజేశాడు.

వాదన మళ్ళీ అంటుకుంది. అంటుకోవడమే కాదు, అంతకుముందెన్నడూ లేనంత నిలకడగా మండింది. రోజూ ఆరింటికి ఠంచనుగా మొదలు, ఏడున్నరకి ముగింపు. జనం తగ్గారు గాని తప్పడం లేదు. బుధ, శుక్రవారాల్లో జానకిరామ్‌కి బదులు సూర్యం వచ్చి, తనంతటి పనికిరాని ఆటగాడు రైల్వేలోనే లేడని తనమీద తనే గట్టిగా వాదించేవాడు. ఎంత వినయమో అని తిరుమలరావు మురిసిపోయాడు. టీ కూడా మీనాక్షి ఇంటి నుంచి కెటిల్‌తో వచ్చేది. ఎందుకమ్మా శ్రమ అంటే, ఎక్కువ పెట్టీసినానండీ అనేది. నెలన్నరగా రోజూ ఎక్కువ పెట్టేస్తోంది. మనిషికి అంచనా లేదు పాపం అనుకున్నాడు ఆయన.

పదిహేను రోజులకొకసారి చిన్నతల్లి ఉత్తరం బయటికి తీసేవాడు. అందులో రామ్‌ప్రసాద్ పాయింట్లు పెరుగుతూ పోయేవి. తన తెలివికి తనకే ఆశ్చర్యంగా ఉండేది.

నవంబరు చివర్లో ఒక శనివారం సాయంత్రం, వాదన మాంచి ఊపులో ఉండగా, గేటు తీసుకుని సాక్షాత్తూ రామ్‌ప్రసాదే వచ్చాడు.

వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ రుబ్బురోలు జానకిరామ్ ఇంట్లో వదిలి వెళ్ళారు. అది లేనిదే ఆవిడకి వాల్తేరులో పప్పు రుబ్బినట్టు ఉండటం లేదట. దాని కోసం పాస్ మీద వచ్చాడు. రావడం సరే. అతని చంకలో కర్ర ఉంది. కుడికాలికి పాదం నుంచి మోకాలి పైదాకా తెల్లగా పిండికట్టు ఉంది. ఆరడుగుల నాలుగంగుళాల మనిషికి ఎంత కట్టు పడుతుందో ఊహించుకోవచ్చు. వరండాలో ఇంకేమీ కనిపించడం లేదు, ఆ కట్టు తప్ప.

తిరుమలరావు కప్పు పట్టుకునే లేచి, బల్ల మీద అతనికి చోటు చేశాడు.

కుశల ప్రశ్నలయ్యాయి. రామ్‌ప్రసాద్ బల్ల మీద కూర్చుని కాలు చాపాడు. ఆ కాలు వరండా అవతలి గోడ దాకా వెళ్ళింది. ఎవరో ఒకరు అడుగుతారని తిరుమలరావుకి తెలుసు. అడిగింది అప్పలస్వామి.

"మొన్న యాభై ఒకటి ఏసినావట కదా బాబూ. తిరుమల్రావు ఉత్తరం చదివినాడు."

తిరుమలరావు తల దించుకుని, కప్పులోని టీలో ఎక్కడైనా దూరడానికి చోటుందేమోనని చూశాడు. వాదన పోతే పోయింది. ఇకమీదట ఆయన రాసిన స్కోరుని కూడా ఎవరూ నమ్మరు. నమ్మకపోయినా మొహం మీద అనరు. అవునండీ అవునండీ అంటారు.

రామ్‌ప్రసాద్ ఆయన వంక చూశాడు. జానకిరామ్ వంక చూశాడు. గడప దగ్గర కెటిల్ పట్టుకుని నిలబడ్డ మీనాక్షి వంక చూశాడు.

"యాభై ఒకటి కాదండి," అన్నాడు తీరిగ్గా. "యాభై మూడు. అక్కడి స్కోరరు ఒక బాస్కెట్ వేసుకోలేదు. మన రావుగారిలాంటి స్కోరరు వాల్తేర్లో ఎక్కడ దొరుకుతాడు?"

"విన్నారా?" అని జానకిరామ్ విజయగర్వంతో లేచి నిలబడ్డాడు.

సూర్యం తల ఊపి, "అచ్ఛా," అన్నాడు.

పిండికట్టు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. టీ ఇవ్వడానికి మీనాక్షి ఆ కాలిని చుట్టి వెళ్ళింది గాని, అది కనబడినట్టు మొహంలో ఎక్కడా తేలనివ్వలేదు. ఏడున్నరకి అందరూ కలిసి రుబ్బురోలుని రిక్షా ఎక్కించి రామ్‌ప్రసాద్‌ని సాగనంపారు. రిక్షాలో ముందు రోలు పట్టింది, తర్వాత మనిషి పట్టాడు, కాలు మాత్రం వీధిలోనే మిగిలిపోయింది. దాన్ని అలాగే బయటికి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గండం గడిచిందని సంతోషించాలి. తిరుమలరావు సంతోషించలేకపోయాడు. నలుగురు మనుషులు, నాలుగు జతల కళ్ళు, అంత కట్టు. ఆయనకి మంగళవారం గుర్తొచ్చింది, బుధవారం నాడు వచ్చిన మంగళవారం.

ఆదివారం పొద్దున్న కెటిల్ ఇచ్చిరావడానికి పక్కింటికి వెళ్ళాడు. జానకిరామ్ బజారుకి వెళ్ళాడట. మీనాక్షి కూర్చోమని చెప్పి, పొయ్యి మీద పాలు చూడటానికి లోపలికి వెళ్ళింది. వంటింటి గుమ్మం పక్కన క్యాలెండర్ మేకుకి ఒక కాగితం గుచ్చి ఉంది. స్కేలుతో గీసిన గడులు. హిందీ మీడియంలో చదువుకున్న మీనాక్షి గుండ్రటి హిందీ అక్షరాలు. కాగితం మీద గడులు కనిపిస్తే చదవకుండా ఉండటం పర్సనల్ బ్రాంచి మనిషికి సాధ్యం కాదు.

పైన "బాబాయిగారి వరండా" అని ఉంది. సోమవారం: నష్టం, జానకిరామ్, లాభం, అప్పలస్వామి. మంగళవారం అదే. బుధవారం: నష్టం, సూర్యం, లాభం, అప్పలస్వామి. అలా శనివారం దాకా. హాజరు ఆరుగంటలు, విడుదల ఏడున్నర. టీ, ఆరు రోజులూ మీనాక్షి. అడుగున ఎర్ర సిరాతో ఒక సూచన, దాని కింద రెండు గీతలు: "ఎవరూ గెలవకూడదు." మొదలైన తేదీ, రాని ఉత్తరాన్ని ఆయన చదివిన రోజు.

అది రోస్టరు. గార్డులకీ డ్రైవర్లకీ వేసినట్టు, కాలనీవాళ్ళు ఆయనకి వేసిన రోస్టరు.

తిరుమలరావుకి చెవులు వేడెక్కాయి. ఆ గుమ్మంలోంచి తిన్నగా పక్క ఊరు మస్తూరీ దాకా నడిచి వెళ్ళిపోవాలనిపించింది. తను బొమ్మలాడిస్తున్నాననుకున్నాడు; తీగలు వీళ్ళ చేతిలో ఉన్నాయి. సిగ్గు కాస్త చల్లారేసరికి, ఏళ్ళ అలవాటు మెల్లగా తలెత్తింది. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ మొదటి గడి నుంచి చదివాడు.

మీనాక్షి వచ్చి చూసింది.

"చూసీసినారా," అంది.

"ఎవరు వేశారమ్మా దీన్ని?"

"నేనే."

"తప్పులున్నాయి."

మీనాక్షి కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఏటి తప్పు?"

"అప్పలస్వామికి ఆరు రోజులూ డ్యూటీ వేశావు. అరవై ఆరేళ్ళ మనిషి, కుదుదండ్ నుంచి సైకిలు తొక్కాలి. నడుమ ఒక రోజు రెస్టు ఇవ్వొద్దా? టీకి నువ్వొక్కదానివే. రెస్ట్ గివర్ లేడు." ఒకరికి సెలవు వచ్చిన రోజు వాళ్ళ డ్యూటీ చేసే మనిషిని రైల్వేలో అలా అంటారు. ఆయన వేలు కాగితం మీది పేర్ల వెంట కిందికి జారింది. "అందరికీ తెలుసునన్నమాట."

"మీరు ఆరు కప్పులు బోర్లించడం, లేపడం, మళ్ళీ బోర్లించడం మా కిటికీలోంచి చూసానండి. రెండో రోజు చూడలేక ఈయన్ని పంపుదామనుకున్నాను. మీరే ఉత్తరమని వచ్చినారు." కాస్త ఆగి, "అది మీ వదినగారి ఉత్తరమని, టీ తెచ్చి మీ వెనక నిలబడ్డప్పుడు మొదటి రోజే చూసానండి. చింతపండు అన్న మాట ఒక్కటీ చదవగలిగాను. నాకు తెలుగు అంతకంటే రాదు," అంది.

"రామ్‌ప్రసాద్‌కెలా తెలిసింది?"

"రోలు కోసం ముందు మా ఇంటికే వచ్చినాడు కదా. కాలు చూసి నాకు గుండె ఆగిపోయింది. చెప్పి పంపించాను."

తిరుమలరావు కాగితం వంక చూస్తూ, అందరూ తన మూలంగా ఇంత అవస్థ పడ్డారా అన్నాడు. రేపటి నుంచి ఎవరూ రానక్కర్లేదన్నాడు. అంటున్నప్పుడే ఆ రేపు ఎలా ఉంటుందో ఆయనకి కనిపించింది. తాళం చెవి, చల్లటి వరండా, పన్నెండుసార్లు ముందుకి, పన్నెండుసార్లు వెనక్కి.

మీనాక్షి ఆయన మాట విననట్టే, క్యాలెండర్ వెనక నుంచి పెన్ను తీసి చేతిలో పెట్టింది. "తప్పులున్నాయన్నారు కదా, దిద్దీండి. అప్పలస్వామి గారికి గురువారం రెస్టు రాయండి. నాక్కూడా రాయండి. పదహారేళ్ళ బట్టి ఈయనతో నేనొక్కర్తినే వాదిస్తున్నాను. ఒక్క రోజు సెలవిచ్చినవాడు లేడు. గురువారం నేను మంగ్లాలో మా చెల్లి ఇంటికి వెళ్ళొస్తాను. ఇక్కడికి మీరొచ్చి డ్యూటీ చెయ్యాలి."

"నేనా?"

"మంగాయమ్మ పిన్నిగారి దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసుంది కదా మీకు. అంత అనుభవం ఈ లైన్లో ఇంకెవరికుంది?"

ఆవిడ పేరు ఈ రెండేళ్ళలో ఎవరూ ఆయన ముందు ఇంత మామూలుగా అనలేదు. గొంతు తగ్గించకుండా, తల వంచకుండా, ఒక సర్వీసు రికార్డు చదివినట్టు. ఆయన కాగితాన్ని గోడకి ఆనించి, గురువారం గడిలో పేర్లు కొట్టేసి, తన పేరు రాసుకున్నాడు. అలవాటు కొద్దీ పక్కన పొట్టి సంతకం కూడా పెట్టాడు.

"ఇంకో మాట," అంది మీనాక్షి. "మీకు తెలిసిపోయిందని ఈయనకి చెప్పకండి. ఆయనే తెలివిగా నడిపిస్తున్నాననుకుంటున్నారు. అలాగే ఉండనీండి."

"మరి ఆ గడిలో నా సంతకం?"

"ఆయన ఈ కాగితం ఎప్పుడు చూసినారు కనక. రోజూ సాయంత్రం నేను చెప్తే వెళ్ళడమే."

గురువారం ఆరింటికి రెండు నిమిషాల ముందే తిరుమలరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తన క్వార్టర్‌కి తాళం వేసి, పక్క గేటు తీశాడు. ఆ వేళప్పుడు ఆ తాళం బయటి నుంచి వేసి చాలా కాలమైంది. తలుపు తీసిన జానకిరామ్ మొహంలో, ఒంటరి పెద్దమనిషికి ఒక సాయంత్రం కాలక్షేపం కలిగించబోతున్న దయ స్పష్టంగా కనిపిస్తోంది. మీనాక్షి లేకపోవడంతో అతనికి అప్పటికే నోరు దురదపెడుతున్నట్టు కూడా కనిపిస్తోంది. కుర్చీ వేశాడు. టీ తనే పెట్టి తెచ్చాడు. ఆ టీ బాగులేదు. తిరుమలరావు ఆ మాట మొహం మీదే చెప్పాడు. జానకిరామ్ కొంచెం కంగారుపడ్డాడు.

కాసేపటికి తేరుకుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఒకటడుగుతాను చెప్పండి బాబాయ్. ఇన్నాళ్ళూ పొద్దున్న నాకొక అంకె, మధ్యాహ్నం అప్పలస్వామి గారికొక అంకె ఇచ్చినారు గాని, మీ మాటేటో చెప్పలేదు. ఈ ట్రాన్స్‌ఫర్‌లో మనం లాభపడ్డామా, నష్టపోయామా?"

అది కూడా తెలుసన్నమాట. తిరుమలరావుకి మళ్ళీ చెవులు వేడెక్కాయి. ఏదో ఒక పక్షం తీసుకోమని ఇంతవరకూ ఆయన్ని ఎవరూ అడగలేదు.

"లాభపడ్డాం," అన్నాడు.

జానకిరామ్ ఒక్క క్షణం తటపటాయించాడు. ఒంటరివాడు, బాధపెట్టకూడదు అనే ఆ పాత మర్యాద అతని కళ్ళలోకి వచ్చి, నిలబడి, పోయింది.

"ఏటి లాభం?" అన్నాడు గొంతు పెంచి. "ఆరడుగుల నాలుగంగుళాల మనిషండీ బాబాయ్. మీకు ఆట తెలీదు, ఊరికే లెక్కలు రాసుకుంటారు."

తిరుమలరావు టీ కప్పు కింద పెట్టి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకున్నాడు.